నాల్గవ ఋణం

(మన గ్రామ దేవాలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా చేసిన ఉపన్యాసానికి వ్యాసరూపం)



 ఈ సభలో నాలుగు మాటలు చెప్పవలసినదిగా సంఘం వారు నన్ను ఆదేశించినారు. పండితులు వేదాంత విషయాలను సవిస్తరంగా ఉపదేశించి ఉన్నారు. నేను బడిపంతులుగా జీవితం గడిపినవాడను. కాబట్టి అందరికీ అనుభవంలో ఉన్నదే అయినా, ఎవరమూ తగినంతగా ఆలోచించని ఒక విషయాన్ని మీ ముందుంచుతాను. అది కృతజ్ఞత.

కృతజ్ఞత అన్న మాటకు అర్థం చాలా సులభం. ఇతరులు చేసిన మేలును ఎరిగి ఉండడం. గమనించండి, ఈ పదంలో ప్రత్యుపకారం అన్న భావం లేదు. 'జ్ఞ' అంటే తెలిసినవాడు. మేలు జరిగినదని తెలిసి ఉండడమే కృతజ్ఞత. ఇంత చిన్న పని మనకు ఎందుకు కష్టమవుతున్నదో చూద్దాం.

ఋణాలు మూడా? నాలుగా?

మానవుడు మూడు ఋణాలతో జన్మిస్తాడని మన పెద్దలు చెప్పగా విన్నాము. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. యజ్ఞం చేత దేవఋణం, అధ్యయనం చేత ఋషిఋణం, సంతానం చేత పితృఋణం తీరుతాయని శాస్త్రం. ఈ మూడూ అందరికీ తెలిసినవే. శతపథ బ్రాహ్మణం మాత్రం మరొక్కదానిని కలిపి నాలుగు ఋణాలు చెప్పినది. ఆ నాల్గవది మనుష్యఋణం. తోటి మానవులకు మనం పడిన బాకీ. అతిథికి ఆశ్రయమిచ్చి, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టి దానిని తీర్చుకోవాలని ఆ గ్రంథం విధించినది.

మొదటి మూడింటికి తిథులు, మంత్రాలు, తర్పణాలు ఉన్నాయి. నాల్గవదానికి తిథి లేదు. పంచాంగంలో కనబడదు. పురోహితుడు వచ్చి గుర్తు చేయడు. అందుచేతనే కాబోలు, మనం దానిని సులభంగా మరచిపోతాము.

శ్రీమద్రామాయణం ఆరంభంలో వాల్మీకి మహర్షి నారదుని అడిగిన పదహారు గుణాలు మీకు తెలుసు. వాటిలో ధర్మజ్ఞుడు అన్న వెంటనే కృతజ్ఞుడు అన్నాడు మహర్షి. ధర్మం తెలిసినవాడు మేలు తెలిసినవాడు కూడా అయి ఉండాలని అభిప్రాయం. మన జిల్లాకు ఇరుగుపొరుగైన తమిళసీమలో తిరువళ్ళువర్ తన కురళ్ గ్రంథంలో ఒక అధికారాన్ని, అనగా పది ద్విపదలను, పూర్తిగా కృతజ్ఞతకే కేటాయించినాడు. భాషలు వేరైనా పెద్దల మాట ఒక్కటే.

ఇంటిలో పడిన బాకీ

ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు నా గొప్పతనం వలన రాలేదు. నా తప్పు వలన వచ్చినది. ముందుగా దానిని చెప్పుకొని ముందుకు సాగడం న్యాయం.

మా నాయన జబ్బుపడిన సంవత్సరం మా అన్న ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. నేను ఆరో తరగతి. ఇంట్లో రెండెకరాల మెట్ట, బావి కింద కొద్దిపాటి మడి. కపిల తోలడానికి మనిషి కావాలి. ఒకనాటి ఉదయం అన్న పలక, పుస్తకాలు నా సంచిలో పెట్టి, తాను ఎద్దులను విప్పుకొని బావికి పోయినాడు. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ వద్దనీ అనలేదు. ఆ పూట నుండి ఇంట్లో చదువుకొనేవాడిని నేను, సేద్యం చేసేవాడు ఆయన. అది సహజమన్నట్లుగా నేను పెరిగినాను.

ఉద్యోగం వచ్చిన తరువాత ప్రతి నెలా అన్నకు మనియార్డరు పంపినాను. ఎన్నడూ తప్పలేదు. దానితో నా బాధ్యత నెరవేరినదని నమ్మినాను. కొన్నేండ్లకు భాగపంపకాల మాట వచ్చినప్పుడు, పదిమంది పెద్దమనుషుల ఎదుట, "బోరు వేసింది నా జీతం డబ్బుతోనే కదా" అన్నాను. అన్న తల వంచుకొని కూర్చున్నాడు. ఎడమ భాగం తీసుకుంటావా, కుడి భాగం తీసుకుంటావా అని మాత్రం అడిగినాడు. నాకు నచ్చినది నాకు వదిలినాడు.

ఆయన పోయిన తరువాత వదిన ఒక రేకుపెట్టె తెరచి చూపినది. అందులో నేను పంపిన మనియార్డరు కూపన్లు, పురికొసతో కట్ట కట్టి, సంవత్సరాల వారీగా ఉన్నాయి. మీలో పెద్దలకు జ్ఞాపకం ఉంటుంది, ఆ ఫారం అడుగున నాలుగు మాటలు వ్రాయడానికి జాగా ఉండేది. పోస్టుమ్యాన్ డబ్బిచ్చి ఆ ముక్క చింపి ఇచ్చేవాడు. నేను ఒక్కొక్కటే చదివినాను. "ఎరువులకు". "వడ్డీకి". "పండుగకు". "ఎద్దు కొనుటకు". అన్ని సంవత్సరాల కూపన్లలో ఎక్కడా "అన్నా, నీవు బడి మానినందువల్ల నేను బడిలో ఉన్నాను" అన్న ఒక్క వాక్యం లేదు. వ్రాయడానికి జాగా ఉన్నది. అదనపు ఖర్చు లేదు. ఆయనకు చదవడం వచ్చు. ఎనిమిదో తరగతి వరకు చదివినవాడే గదా! ఆయన దాచుకొన్నది నేను పంపిన డబ్బును కాదు, నా చేతివ్రాతను. ఆ చేతివ్రాతలో ఒక మంచి మాట పెట్టడం నాకు తోచలేదు.

వదిన నన్ను ఏమీ అనలేదు. "మీ అన్న అప్పుడప్పుడు తీసి చూసుకునేవాడు నాయనా" అన్నది, అంతే.

ఈ విషయాన్ని ఇంతమంది ముందు చెప్పడం నాకు సులభం కాదు. కాని ఈ సంచిక చదువుతున్న మీలో ఎందరికో అన్నలు, అక్కలు, మేనమామలు, పెద్దమ్మలు సజీవులై ఉన్నారు. ఎవరో ఒకరు ఆగిపోయినందువల్ల మీరు ముందుకు వచ్చి ఉంటారు. వారికి డబ్బు పంపుతూ ఉండవచ్చు, మందులు కొనిపెడుతూ ఉండవచ్చు. అది మంచిదే. కాని మాట కూడా చెప్పండి. మాటకు బదులుగా డబ్బు చెల్లదు.

శ్రీకాళహస్తి రాజగోపురం 1516లో శ్రీకృష్ణదేవరాయల కాలంలో నిర్మితమైనది. దాదాపు ఐదు వందల సంవత్సరాలు దాని నీడలో మన ముత్తాతలు, తాతలు నడిచినారు. 2010 మే 26 రాత్రి అది కుప్పకూలినది. మరునాటి ఉదయం ఆ ఖాళీ ఆకాశాన్ని చూచి కన్నీరు పెట్టినవారిలో ఎందరో, అంతకుముందు ఆ వీధిలో తల ఎత్తకుండా నిత్యం నడిచినవారే. ఇంటి పెద్దల విషయంలోనూ మనం అలాగే ఉంటాము. గోపురాన్ని మళ్ళీ కట్టుకోగలిగినాము, 2017లో కుంభాభిషేకం చేసుకొన్నాము. మనుషుల విషయంలో ఆ అవకాశం లేదు.

ఊరికి పడిన బాకీ

మీరందరూ నిన్న అష్టబంధన ద్రవ్యాన్ని దంచడం చూచినారు. లక్క, గుగ్గిలం, తేనెమైనం, వెన్న మొదలైన ఎనిమిది ద్రవ్యాలను కలిపి, రోటిలో వేసి గంటల తరబడి దంచితే గాని అవి ఒకదానితో ఒకటి కలియవు. వెన్నది ఒక స్వభావం, గుగ్గిలానిది మరొక స్వభావం. ఒక్కరే దంచితే చేతులు పడిపోతాయి. అందువల్ల వంతులు వేసుకొని దంచినారు. ఆ ముద్దను స్వామి విగ్రహానికి, పీఠానికి మధ్య ఉంచితే అదే బంధనం. పన్నెండేండ్లకొకసారి దీనిని పునరుద్ధరించడం సంప్రదాయం. తిరుమలలో కూడా 2018 ఆగస్టులో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం జరిగినది. ఎంత గట్టి బంధనమైనా కాలక్రమేణా సడలుతుందని, దానిని మళ్ళీ దంచి కట్టుకోవాలని ఈ విధి మనకు చెబుతున్నది.

ఊరు కూడా అటువంటిదే. మన ఊరి పై వీధికి, కింది వీధికి కొన్నేండ్లు మాటలు లేవన్న సంగతి దాచవలసిన పనిలేదు. చెరువు తూము నీటి విషయంలో మొదలైన తగాదా అది. ఆలయం పైకప్పు కారుతున్నా ఎవరూ ముందుకు రాని రోజులు మనం చూచినాము. ఆ తరువాత స్వామిని బాలాలయంలోకి వేంచేపు చేయవలసి వచ్చినప్పుడు, రెండు వీధులవారూ చెరొక వైపు భుజం పట్టక తప్పలేదు. ఆనాటి నుండి మాటలు కలిసినవి. అష్టబంధనం నిన్న గర్భాలయంలో జరిగినది. ఊరిలో అది మూడేండ్ల క్రితమే మొదలైనది.

చెరువు మాట వచ్చినది కాబట్టి ఒక సంగతి గుర్తు చేస్తాను. రాయలసీమ దక్షిణ భాగమైన మన ప్రాంతంలో జీవనది లేదు. స్వర్ణముఖి, బాహుదా, పాపాఘ్ని, ఇవన్నీ వానలు కురిస్తే పారే ఏరులే. మన పూర్వులు వాన నీటిని నిలుపుకోవడానికి గొలుసుకట్టు చెరువులు తవ్వినారు. పై చెరువు నిండి మరువ పారితే కింది చెరువుకు నీరు. చెరువు కింద ఏ మడికి ఏ పూట నీరు విడవాలో నీరుగంటి చూచేవాడు. ఏటా పూడిక తీయడానికి, కట్టకు మట్టి వేయడానికి ఇంటికొక మనిషి రావాలన్న కట్టుబాటు ఉండేది. మనం తినే ప్రతి ముద్దలోనూ ఆ పేరు తెలియని మనుషుల గంప మట్టి ఉన్నది.

2021 నవంబరు మూడవ వారంలో కురిసిన వానలు మీకు జ్ఞాపకం ఉంటాయి. తిరుపతి వీధులు ఏరులై పారినవి. కొండకు పోయే దారులు మూసివేసినారు. స్వర్ణముఖి ఉప్పొంగినది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడే ప్రమాదం ఏర్పడగా దిగువనున్న పల్లెలవారు ఇండ్లు వదలి ఎత్తైన చోట్లకు పోవలసి వచ్చినది. ఇసుక బస్తాలు వేసి కట్టను కాపాడుకొన్నారు. ఆ నాలుగైదు రోజులు ఏ పల్లెలో చూచినా బడి వరండాలలో, సత్రాలలో, తెలియని వారి వసారాలలో జనం. మన ఊరికీ ఇరవై ముప్పై కుటుంబాలు వచ్చినాయి. కులం అడగలేదు, పేరు కూడా అడగలేదు. ముందు సంగటి పెట్టినాము. ఆ రాత్రి మనకు తెలియకుండానే మనం నాల్గవ ఋణంలో కొంత తీర్చినాము.

కృతజ్ఞత అన్న పేరుతో గతంలోని తప్పును కప్పిపుచ్చకూడదు. అందుచేత కొంచెం కఠినమైన మాట కూడా చెప్పాలి. మన ఆలయపు పాత రాళ్ళను గుట్ట నుండి మోసినవారు ఎవరు? స్వామి ఊరేగింపుకు డప్పు కొట్టి దారి చూపినవారు ఎవరు? చెరువు కట్ట మీద రాత్రుళ్ళు కాపలా ఉన్నవారు ఎవరు? వారిలో అధికులు తరతరాలుగా ఈ గడప దాటడానికి నోచుకోలేదు. మన చిత్తూరు జిల్లా అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉండగా 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చినది. చట్టం వచ్చిన తరువాత కూడా అడుగులు లోపలికి పడడానికి ఏండ్లు పట్టినదని మా నాయన చెప్పేవారు. తాను మోసిన రాయిని తానే తాకరాదన్న మాట విని కూడా వారు స్వామిని విడిచిపెట్టలేదు. ఆ ఓర్పుకు మనం బాకీపడి ఉన్నాము. నేటి కుంభాభిషేకంలో అందరి చేతులూ కలశాన్ని తాకినాయి. ఇది మనం వారికి చేసిన ఉపకారం అనుకొంటే పొరపాటు. ఎంతో ఆలస్యంగా తీర్చిన అప్పు ఇది.

పేరు తెలియని వారికి పడిన బాకీ

ఇల్లు తెలుసు, ఊరు తెలుసు. ఎవరో తెలియని వారి మేలును ఏ విధంగా తీర్చుకోవాలి?

మా అమ్మకు వేలూరులో శస్త్రచికిత్స జరిగినప్పుడు రక్తం కావలసి వచ్చినది. నా రక్తం సరిపడలేదు. మాతో వచ్చినవారిదీ సరిపడలేదు. ఆసుపత్రి వాకిట నేను దిక్కుతోచక నిలబడి ఉండగా, ఎవరినో చూడవచ్చిన ఒక లారీ డ్రైవరు సంగతి అడిగి తెలుసుకొని లోపలికి వచ్చి రక్తం ఇచ్చినాడు. తమిళం మాట్లాడేవాడు. నీలిరంగు గళ్ళ లుంగీ కట్టుకొని ఉన్నాడు. ఆయనకు పండ్లు కొనుక్కొని వద్దామని నేను వీధిలోకి పోయి వచ్చేసరికి వెళ్ళిపోయినాడు. పేరు అడగలేదు. ఊరు అడగలేదు. మా అమ్మ ఆ తరువాత పందొమ్మిదేండ్లు బ్రతికినది, మనుమలను ఎత్తుకొన్నది.

ఆ మనిషికి నేను ఎలా చెల్లించను? ఆయన దొరకడు. చాలాకాలం ఈ ప్రశ్న నన్ను బాధించినది. తరువాత ఒకనాడు, ఆయనకు ఇవ్వలేనిదాన్ని మరెవరికైనా ఇవ్వవచ్చునని తోచి, రక్తం ఇవ్వడం మొదలుపెట్టినాను. అరవై ఐదేండ్లు నిండి, ఇక తీసుకోమని వైద్యులు చెప్పే వరకు ఇచ్చినాను. నా రక్తం ఎవరికి పోయినదో నాకు తెలియదు. వారికీ నా పేరు తెలియదు. ఈ దారిలో పేర్లతో పని లేదు.

ఈ విషయాన్ని మన తిరుమల కొండ మనకు ఎన్నో విధాల నేర్పుతున్నది. 1944లో ఘాట్ రోడ్డు ఏర్పడక ముందు ఏ యాత్రికుడైనా కాలినడకను గాని, డోలీలో గాని కొండ ఎక్కవలసిందే. ఆ దారిలో చలిపందిరి పెట్టినవారు, మండపం కట్టించినవారు, మెట్టు చెక్కించినవారు ఎందరో. అలిపిరి దారిలో మూడు వేల ఐదు వందలకు పైగా మెట్లు ఉన్నాయి. నేటికీ ఎందరో తల్లులు ఒక్కొక్క మెట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి ఎక్కుతారు. అది మెట్టుకు చేసే పూజ మాత్రమే కాదని నాకు అనిపిస్తుంది. ఆ మెట్టును చెక్కిన చేతికి కూడా అది అందుతుంది. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసపడి కూలబడిన ముసలివారికి, ముందెన్నడూ చూడని పిల్లవాడు మంచినీళ్ళ సీసా అందించడం మీరూ చూచి ఉంటారు.

మన గడ్డ మీద పుట్టిన మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ చరిత్రను ఇక్కడ స్మరించుకోవాలి. వాయల్పాటికి సమీపాన ఉన్న తరిగొండలో 1730లో జన్మించిన ఆ తల్లి చిన్నతనంలోనే భర్తను కోల్పోయినది. లోకం విధించిన కట్టుబాట్లను సహించలేక, స్వామినే నమ్ముకొని తిరుమల చేరినది. తుంబురుకోనలో తపస్సు చేసినది. ద్విపద భాగవతం, శ్రీ వేంకటాచల మాహాత్మ్యం వంటి గ్రంథాలు రచించినది. 1817లో పరమపదించినది. ఏకాంతసేవ వేళ తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అన్న నానుడి నేటికీ జనం నోట ఉన్నది.

ఆమె జీవితంలో నన్ను కదిలించే విషయం వేరొకటి ఉన్నది. నృసింహ జయంతి ఉత్సవ సమయంలో, మండుటెండలో కొండకు వచ్చే యాత్రికులకు ఆమె అన్నదానం, చలివేంద్రాలు ఏర్పాటు చేసినది. ఆలోచించండి. లోకం ఆమెకు ఇచ్చినది ఏమిటి? నింద, వెలివేత. ఆమె లోకానికి తిరిగి ఇచ్చినది అన్నం. తనకు కీడు చేసిన వారి లెక్క ఆమె పెట్టుకోలేదు. తనను చేరదీసిన స్వామి మేలును మాత్రం లెక్కపెట్టుకొని, దానిని ముక్కూ ముఖం తెలియని బాటసారులకు చెల్లించినది.

ఆ బాట ఆగిపోలేదు. 1985 ఏప్రిల్ 6న తిరుమల తిరుపతి దేవస్థానం రోజుకు రెండు వేలమందికి భోజనం పెట్టే సంకల్పంతో నిత్యాన్నదాన పథకాన్ని ఆరంభించినది. 2011 జులైలో ఆనాటి రాష్ట్రపతి శ్రీమతి ప్రతిభా పాటిల్ ప్రారంభించిన అన్నప్రసాద భవనానికి వెంగమాంబ పేరే పెట్టినారు. అక్కడ ఒక్క విడతకు సుమారు నాలుగు వేలమంది కూర్చుని తినవచ్చును. ఆ పంక్తిలో ఒక కోటీశ్వరుని పక్కన ఒక కూలిమనిషి కూర్చుంటాడు. వడ్డించేవారిలో ఎందరో శ్రీవారి సేవకులు. 2000 సంవత్సరంలో మొదలైన ఈ సేవకు ఉద్యోగులు, రైతులు, గృహిణులు దేశం నలుమూలల నుండి తమ ఖర్చుతో వచ్చి, జీతం బత్తెం లేకుండా విస్తరి ముందు వంగి వడ్డిస్తారు. తిన్నవాడు వారి పేరు అడగడు. చెయ్యి కడుక్కొని గోవిందా అని వెళ్ళిపోతాడు. ఆ పిలుపులోనే అందరి కృతజ్ఞతా కలిసిపోతుంది.

కాణిపాకం చెప్పే పాఠం

కాణిపాకం స్థలపురాణం మీకు కంఠస్థమే. ముగ్గురు అన్నదమ్ములు. ఒకరు గుడ్డివారు, ఒకరు మూగ, ఒకరు చెవిటి. కాణి మడిని సాగు చేసుకొని బ్రతుకుతున్నారు. బావిలో నీరు తగ్గగా లోతు చేయడానికి దిగినారు. గునపం రాతికి తగిలి రక్తం చిమ్మినది. ఆ స్పర్శతో ముగ్గురి వైకల్యమూ తొలగినది. ఊరంతా వచ్చి చూడగా స్వయంభువుగా వినాయకుడు వెలసినాడు. జనం కొట్టిన టెంకాయల నీరు కాణి మేర పారినందువల్ల ఆ ఊరు కాణిపాకమైనది.

మనం ఈ కథలో మహిమను చూస్తాము. చూడవలసిందే. కాని మహిమకు ముందు జరిగిన కథను కూడా ఒకసారి ఊహించండి. స్వామి కనబడక ముందు ఆ ముగ్గురూ ఎన్నేండ్లు కలిసి సేద్యం చేసి ఉంటారు! చూపులేని వానికి మూగవాని కన్నులు దారి. మూగవానికి చూపులేని వాని నోరు మాట. వినబడని వానికి వారిద్దరి చెవులు ఆసరా. ఎవరి లోటును మరొకరు పూడ్చుకొంటూ వచ్చినందువల్లనే ఆ బావి దగ్గరకు ముగ్గురూ కలిసి చేరగలిగినారు. వరం తరువాత వచ్చినది. సహకారం ముందే ఉన్నది. ముగ్గురూ విడివిడిగా బ్రతికి ఉంటే ఆ గునపం ఆ రాతికి తగిలేదే కాదు.

మన ఇండ్లలోనూ ఇంతే. అందరమూ ఏదో ఒక లోటు ఉన్నవారమే. నాకు చదువు ఉన్నది, కాని మా అన్నకున్న ఓర్పు లేదు. ఆయన ఓర్పు నా చదువుకు నీరు తోడినది.

నిత్యజీవితంలో ఆచరణ

"పంతులుగారూ, ఇదంతా బాగున్నది, మేము చేయవలసినది ఏమి?" అని మీరు అడగవచ్చు. నాకు తోచిన చిన్న విషయాలు మూడు మనవి చేస్తాను.

మొదటిది. రాత్రి పడుకొనే ముందు స్వామిని తలచుకొనేటప్పుడు, ఆ దినం మీకు సాయపడిన ఒక్క మనిషినైనా తలచుకోండి. తెల్లవారకముందే పాలు పోసినవారు కావచ్చు, బస్సు ఎక్కుతుండగా చేయి అందించినవారు కావచ్చు, వీధి ఊడ్చినవారు కావచ్చు. కొన్నాళ్ళు చేసి చూడండి. మొదట ఒక్కరూ గుర్తుకు రారు. తరువాత లెక్క తెమలదు.

రెండవది. చెప్పవలసిన మాటను దాచుకోకండి. ఇంటికి పోయిన వెంటనే మీ అన్నతోనో, అత్తతోనో, ఆలితోనో చెప్పండి. సిగ్గు వేస్తే ఉత్తరం వ్రాయండి. ఇప్పుడు అందరి చేతిలో సెల్‌ఫోను ఉన్నది. ఒక్క వాక్యం చాలును. నా వలె రేకుపెట్టె తెరిచిన తరువాత వ్రాయడానికి కూర్చుంటే చదివేవారు ఉండరు.

మూడవది. చెల్లించవలసినవారు దొరకకపోతే మరొకరికి చెల్లించండి. ఋణం ఎక్కడ పుట్టినదో అక్కడే తీరాలన్న నియమం ఈ నాల్గవ ఋణానికి లేదు.

ఇక్కడ శ్రీరామచంద్రుని మాట ఒకటి మనకు దారి చూపుతుంది. పట్టాభిషేకానంతరం హనుమంతునికి వీడ్కోలు చెబుతూ రాముడు, నీవు చేసిన ఉపకారం నా యందే జీర్ణమైపోవాలని కోరుకొన్నాడు. ప్రత్యుపకారం చేయాలంటే ఆ మిత్రునికి ఆపద రావాలి గదా, అటువంటి ఆపద హనుమకు ఎన్నడూ రాకూడదని ఆయన భావం. జీర్ణం అన్న మాటకు శిథిలమైనదని ఒక అర్థం, అరిగి ఒంటబట్టినదని మరొక అర్థం. శిథిలమైన ఆలయాన్ని మనం ఉద్ధరించుకొన్నాము. ఇతరులు చేసిన మేలును మాత్రం ఒంటబట్టించుకొని, మన నడవడిలో రక్తంగా మార్చుకోవాలి. ఈ రెండూ కలిస్తేనే జీర్ణోద్ధరణ సంపూర్ణం.

ఒక విన్నపం

చివరిగా పునర్నిర్మాణ సంఘం వారికి ఒక విన్నపం. ముఖమండపం గోడలో దాతల శిలాఫలకం అమర్చినారు. వేలు, లక్షలు ఇచ్చిన పుణ్యాత్ముల పేర్లు అందులో ఉన్నాయి. అది ధర్మమే. అయితే నగదు ఇవ్వలేక, మూడేండ్లు రోజూ సాయంకాలం వచ్చి శిల్పుల దగ్గర రాతిపొడి ఊడ్చిన తల్లులు ఉన్నారు. కూలి దినం మానుకొని దూలం ఎత్తినవారు ఉన్నారు. ఇసుక తోలి కిరాయి పుచ్చుకోనివారు ఉన్నారు. శిల్పులకు తమ ఇంటి నుండి మజ్జిగ కడవ పంపినవారు ఉన్నారు. వారెవరూ పేరు కోరలేదు. కోరలేదు కాబట్టి వ్రాయనవసరం లేదని మనం అనుకోరాదు. మా అన్న కూడా కోరలేదు.

ఆ ఫలకం అడుగున ఒక్క పంక్తికి చోటు ఉన్నది. నేను ఉదయమే చూచి వచ్చినాను. పేర్లన్నీ పట్టవు. "ఈ ఆలయానికి చెమటోడ్చిన వారందరికీ ఈ ఊరు ఋణపడి ఉన్నది" అని చెక్కించండి. మన మనుమలు అక్షరాలు కూడబలుక్కొంటూ ఆ పంక్తి చదివి, "చెమటోడ్చినవారు అంటే ఎవరు తాతా?" అని అడుగుతారు. అప్పుడు మనం పేర్లు చెప్పవచ్చు.

శిల్పి ఇంకా ఊరు వదలిపోలేదు. మండలాభిషేకం ముగిసేవరకు, నలభై ఎనిమిది దినాలు, ఇక్కడే ఉంటాడు. జాగా ఉన్నప్పుడే మాట వ్రాయాలన్నది నేను ఆలస్యంగా నేర్చిన పాఠం. మీరు ఆలస్యం చేయకండి.

నన్ను బడికి పంపి తాను బావికి పోయిన మా అన్నకు, వేలూరులో పేరు చెప్పకుండా వెళ్ళిపోయిన ఆ పెద్దమనిషికి నా కృతజ్ఞతాపూర్వక నమస్కారములు.

స్వస్తి.